మేలుకున్నవాళ్ల బెంచీ

మృగశిర కార్తె, తొలి వాన

పొద్దున పోటుతో పాటు మూడు అంబులెన్సు పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మెట్టరేవుకు వస్తున్న ప్రయాణికుల లాంచీ, నీళ్లలో మునిగి ఉన్న పాత రైలు వంతెనకు తగిలి ఒరిగిపోయిందట. సముద్రం లోపలికి వచ్చిన దగ్గర్నుంచి ఈ తీరంలో బళ్ల మీద తగిలే దెబ్బలకంటే పడవల మీద తగిలేవే ఎక్కువ. ఇంత తీరానికీ ఆస్పత్రి మాత్రం కొండమీద మాదొక్కటే.

అత్యవసర విభాగం తలుపు దగ్గర డాక్టరుగా నా పని చెప్పుకోవడానికి చిన్నదే. వచ్చినవాళ్లలో ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో చూసి చెప్పాలి. ఆగలేనివాళ్లు ఎడమవైపు ఆపరేషను గదికి వెళతారు. ఆగగలిగినవాళ్లు కుడివైపు నెమ్మది హాలుకి వెళతారు. అక్కడ గాజుమూత పడకలో పడుకోబెట్టి మందు ఎక్కిస్తే ఒళ్లు చల్లబడి, గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటూ, రోగం ఉన్నచోటే నిలిచిపోతుంది. రక్తం కారేవాళ్లను, తలకు దెబ్బ తగిలినవాళ్లను, గర్భిణులను అందులో పెట్టకూడదు. ఒకసారి లేపినవాళ్లను మళ్లీ పెట్టకూడదు. గుండె తట్టుకోదు.

లాంచీవాళ్లతో వసారా నిండిపోయి ఉండగా ఒకామె కుడి డొక్క పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. పేరు నూకరత్నం. నాచుతోటల్లో పని. వెనక ఆమె భర్త అప్పలకొండ, అతని చేతుల్లో ఇంకా కూర్చోవడం రాని ఆడపిల్ల. అపెండిక్సు వాచింది, పగల్లేదు. మామూలు రోజైతే అప్పటికప్పుడు తీసేసేవాళ్లం. ఈ రోజు మామూలు రోజు కాదు.

"డాక్టరమ్మా, పాపకి పాలు నానే ఇవ్వాల. రేపటికి లేపీత్తారు కదా?" అని అడిగింది.

రేపు పొద్దున్నే లేపుతామని, ఒక కునుకు తీసినట్టే ఉంటుందని చెప్పాను. మందు ఎక్కించేముందు ఒకసారి పాలిచ్చుకుంటానంది. సరేనన్నాను. నొప్పివల్ల ఒకవైపే ఇవ్వగలిగింది. పిల్ల నిద్రపోయింది. నూకరత్నం జాకెట్టు సర్దుకుని, తనే పడక ఎక్కి పడుకుంది.

ఆరుద్ర కార్తె

నూకరత్నాన్ని లేపలేదు.

మర్నాడు లాంచీవాళ్ల ఆపరేషన్లే మధ్యాహ్నం దాకా సాగాయి. ఆ వెంటనే కాన్పు కష్టమైన ఒక అమ్మాయి వచ్చింది. ఆ తర్వాత రోజు కొండచరియ పడింది. రోజూ ఎవరో ఒకరు ఆగలేనివాళ్లు వస్తూనే ఉన్నారు. హాల్లో ఉన్నవాళ్లు ఆగగలరు కనుక ఆగుతున్నారు.

అప్పలకొండ రోజూ నాచుపడవ కట్టేసి, పిల్లను ఎత్తుకుని కొండ ఎక్కుతాడు. రేపేనా అని అడుగుతాడు. బహుశా రేపు అంటాను. అతను కోపగించుకోడు. గాజుమూత పక్కన నిలబడి, పిల్ల చేతిని మూతమీద పెట్టించి కాసేపు ఉండి పోతాడు. ఇంట్లో అతను అప్ప అని పిలిచే అక్క గౌరమ్మ ఉందట, మేకపాలు పడుతోందట.

హాలు చూసుకునేది నర్సు సువార్త. పొద్దున్నే మూతల మీద పట్టిన చెమ్మ తుడుస్తుంది. పడకల్లో ఉన్నవాళ్ల చేతులు, కాళ్లు కొంచెం కొంచెం కదిపి పెడుతుంది. ఇవాళ ఆమెకు సాయంగా నేనూ తుడిచాను.

"మా అమ్మ కాలంలో మంచాన పడ్డోళ్లని ఎలాగుందని అడిగేవోరు. నెమ్మదిగా ఉందంటే తగ్గుముఖం పట్టినట్టు. అందరూ సంతోషపడేవోరు. ఇప్పుడు ఆ మాటంటే జనం మొహాలు వాడిపోతున్నాయి డాక్టరుగారూ," అంది సువార్త.

తుడిచిన మూత కింద నూకరత్నం ముఖం, పడుకున్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. కనుబొమలు నొప్పికి ముడిపడినవి ముడిపడినట్టే ఉన్నాయి.

చిత్త కార్తె

రాజధాని నుంచి ఆరోగ్యశాఖవాళ్లు వచ్చారు. మా ఆస్పత్రికి మెప్పు దొరికింది. ఎదురుచూస్తూ ఒక్కరు కూడా చనిపోని అత్యవసర విభాగం దేశంలో మాదేనట. సగటు నిరీక్షణ కూడా అందరికంటే తక్కువట. గుమ్మం మీద వెలుగుతున్న బోర్డు ముందు ఫొటోలు తీసుకున్నారు.

ఆ బోర్డు లెక్క మాకందరికీ తెలుసు. మనిషి తలుపు దగ్గరికి వచ్చినప్పుడు మొదలై, ఎడమ గదిలోకో కుడి హాల్లోకో వెళ్లగానే గడియారం ఆగిపోతుంది. హాల్లో గడిచే కాలం కాలం కిందికి రాదు. పడుకున్నవాళ్లకు తెలియదు కాబట్టి అది నిరీక్షణ కాదని పై అధికారుల నిర్ణయం.

మెచ్చుకున్నవాళ్లు పోతూ పోతూ ఒక పని చేశారు. ఉన్న ఇద్దరు సర్జన్లలో ఒకరిని ఎక్కడో దక్షిణాన ఉన్న ఆస్పత్రికి బదిలీ చేశారు. అక్కడ వసారాలో జనం చచ్చిపోతున్నారట, మీకు ఆ బాధ లేదు కదా అన్నారు. ఇక మిగిలింది డాక్టర్ కస్తూరి ఒక్కతే. ఆమె భోజనం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని, మూతపెట్టి మళ్లీ లోపలికి వెళ్లింది.

హాలు సరిపోక పక్కనున్న పాత వంటశాలలో కూడా పడకలు వేస్తున్నారు. గోడలకు ఇంకా పొగవాసన పోలేదు.

శ్రవణ కార్తె

చలి తగ్గింది. అప్పలకొండ ఇప్పుడు వారానికోసారి వస్తున్నాడు. రేపేనా అని అడగడం మానేశాడు.

ఇవాళ పిల్లను కింద దించాడు. పైడి అని పేరు పెట్టుకున్నారు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, నూకరత్నం పడక కాలు పట్టుకుని నిలబడింది. సువార్త ముచ్చటపడి చప్పట్లు కొట్టింది. అప్పలకొండ నవ్వి, భార్య వైపు తిరిగి, చూశావా అన్నట్టు తల ఊపాడు. తర్వాత ఆ నవ్వును ఎలా ముగించాలో తెలియనట్టు గడ్డం రుద్దుకున్నాడు.

పోయేటప్పుడు నాతో మెల్లగా ఒక సంగతి చెప్పాడు. పైడికి మాట వచ్చిందట. మొదటి మాట అమ్మా అనే అందట. గౌరమ్మను చూసి అందట. అప్పకు ఏడుపొచ్చి, నేను అమ్మను కాదే, అత్తనే అని ఎంత చెప్పినా అది మానలేదట.

నేను కస్తూరి దగ్గరకెళ్లి, ఒక్క అపెండిక్సు, ఎంతసేపు పడుతుంది అని అడిగాను. అన్నం వండినంతసేపు, అంది. కానీ ఆ మాటంటున్నప్పుడే బయట పడవ బూర మోగింది. మేమిద్దరం లేచాం.

రోహిణి కార్తె, ఎండ

ఇవాళ అప్పలకొండ పడవలో పడుకుని వచ్చాడు. నాచుతాళ్లు లాగే చక్రంలో ఎడమ చెయ్యి పడి నలిగిపోయింది. రక్తం ధారగా పోతోంది. నెమ్మదిలో పెట్టే ప్రశ్నే లేదు. నేరుగా ఎడమ గదికి పంపాను. కస్తూరి రెండు వేళ్లు తీసేసి మిగిలిన చెయ్యిని నిలబెట్టింది. పోటు తిరగకముందే కట్టు కట్టించుకుని వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు.

నీళ్లు తాగించి పక్కన కూర్చున్నాను. కట్టునే చూసుకుంటూ మాట్లాడాడు.

"నా సెయ్యి నలిగితే ఎంటనే కుట్టీసినారు. దాని కడుపునొప్పికి ఏడాది అయిపోనాది. అంటే ఆగగలిగినోళ్లు ఆగుతానే ఉండాలన్నమాట."

నేను అతని కట్టు తడిసిందేమో చూశాను.

"లేపీండి డాక్టరమ్మా. లేపేత్తే ఇంక అది ఆగలేదు కదా. అప్పుడు మీరు కొయ్యక తప్పదు."

అతను చెప్పింది నిజమే. లేపిన క్షణం నుంచి నూకరత్నం ఆగలేనివాళ్లలో మొదటిది అవుతుంది. మందు తీసేయడం నా చేతిలో పనే, సువార్త కూడా అడ్డు చెప్పదు. కానీ ఆ గాజుమూతల పక్కన నిలబడి పోయేవాళ్లందరూ అదే అడిగితే ఎవరికి కాదని చెప్పను? నూకరత్నం కంటే ముందు నుంచి ఉన్నవాళ్లున్నారు. అది చెప్పాను. అతను తల వంచుకుని, ముందున్నోళ్లని తోసి రమ్మని నేనడగను, కానీ వరసంటూ కదలాలి కదా అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. వరస నిజంగా కదలడం లేదు. అది వరస కాదు, గోదాము.

ఆరుద్ర కార్తె

సూపరింటెండెంటు డాక్టర్ భానోజీరావు గదికి వెళ్లాను. నెమ్మది పడకలు ఈ తీరానికి తెచ్చింది ఆయనే. రాజధాని చుట్టూ తిరిగి, తన జీతం వదులుకుని తెచ్చాడని అందరూ చెప్పుకుంటారు. నేను అడిగింది ఇది: రోజూ పొద్దున మొట్టమొదటి ఆపరేషను హాల్లోవాళ్లది కావాలి. ఎవరు ముందొస్తే వాళ్లు ముందు. తలుపు దగ్గర ఎవరున్నా సరే, ఆ ఒక్కటి అయ్యాకే.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పెద్ద తుఫాను నాటికి మీరింకా చదువుకుంటున్నారు. ఈ వసారాలోనే జనాన్ని వరసగా పడుకోబెట్టాం. నీళ్లిమ్మని ఒకతను నా కాలు పట్టుకున్నాడు. వస్తానని చెప్పి పక్కవాడి దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అతని ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఇక నా ఆస్పత్రిలో ఎదురుచూస్తూ ఎవరూ చావకూడదనుకున్నాను. మీరడిగినట్టు చేస్తే మళ్లీ చస్తారు. అది మీకు తెలుసా?"

తెలుసన్నాను. నెలకో, రెండు నెలలకో ఒకరు. ఎవరో ముందే చెప్పలేం.

"తెలిసే అడుగుతున్నారా?"

"ఇప్పుడెవరూ చావడం లేదండీ. కానీ బతకడం కూడా లేదు. హాలు గోడలు ఇంకెన్నిసార్లు జరుపుతాం? మనకు సర్జన్ను ఇవ్వమని అడగడానికి కూడా నోరు లేకుండా పోయింది. అరిచేవాళ్లందరినీ మనమే నిద్రపుచ్చేశాం," అన్నాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కిటికీలోంచి కింద రేవు వైపు చూస్తూ ఉండిపోయాడు. చివరికి, ఇది మనమిద్దరం తేల్చేది కాదు, వాళ్లని అడుగుదాం అన్నాడు.

మఖ కార్తె

హాల్లో ఉన్నవాళ్ల ఇళ్లవాళ్లందరికీ కబురు పెట్టాం. వర్షంలో తడుస్తూ వచ్చి వసారా నిండా కూర్చున్నారు. సువార్త రాగిఅంబలి కాచింది. భానోజీరావు దాచకుండా అంతా చెప్పాడు. రోజుకొకరిని లేపుతాం. దానికి బదులుగా, రేపు మీ ఇంట్లోనే ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి తలుపు దగ్గరికి తెస్తే, మేలుకుని ఆగాల్సి రావచ్చు. ఆగలేకపోవచ్చు కూడా.

చాలాసేపు గొణుగుళ్లు నడిచాయి. ఒప్పుకున్నవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. అందరికంటే గట్టిగా వద్దన్నది బంగారమ్మ అనే ఆవిడ. ఆమె కొడుక్కి గుండెలో జబ్బు, ఆపరేషను చేసినా గట్టెక్కుతాడన్న నమ్మకం లేదు.

"ఆణ్ని కోస్తే ఏటవుద్దో మీకే తెల్దు. అక్కడుంటే బతికున్నాడు. వారానికోసారి వొచ్చి సూసుకుంటన్నాను. నాకు తొందర నేదు," అంది.

ఆమె బాధ అందరికీ తెలిసినదే. అప్పలకొండ లేచి, కట్టు విప్పేసిన ఎడమ చెయ్యి కుడిచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆడు నీకోసం బతికున్నాడప్పా. ఆడికోసం ఆడు బతకాల కదా," అన్నాడు.

బంగారమ్మ అతని వైపు కూడా చూడలేదు. అంబలి గ్లాసు కింద పెట్టి, కొంగు తలమీద వేసుకుని, వానలోనే వెళ్లిపోయింది. వద్దనుకున్నవాళ్ల మనుషులను లేపబోమని ఆమె వెనకాలే సువార్తను పంపి చెప్పించాం.

మిగిలినవాళ్లు ఒప్పుకున్నారు. అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారని నేననుకోను. ఒక్క కార్తె చూద్దామన్నాడు భానోజీరావు.

పుబ్బ కార్తె

పొద్దుటి వరస మొదలైంది. మొదట లేచింది ఒక వడ్రంగి. తన పనిముట్ల సంచీ ఎక్కడని అడిగాడు. అది తుప్పుపట్టిపోయిందని కొడుకు చెప్పలేక చెప్పాడు. తర్వాత ఒక ముసలామె లేచింది. ఆమె నిద్రలో ఉండగానే ఇంటాయన పోయాడు. ఆ సంగతి చెప్పే పని నామీద పడింది.

తలుపు దగ్గర ఆగేవాళ్లు ఆగుతున్నారు. ఇన్నాళ్లూ నిశ్శబ్దంగా ఉండే వసారాలో ఇప్పుడు మూలుగులు, తిట్లు, ప్రార్థనలు. విరిగిన ఎముకలవాళ్లు బెంచీ మీద కూర్చుని ఒకరికొకరు విసురుకుంటున్నారు. ఇంతవరకు అందరూ దక్కారు. నేను మాత్రం తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడుతున్నాను.

ఇంకో వారంలో నూకరత్నం వంతు.

ఉత్తర కార్తె

పొద్దున్నే నూకరత్నాన్ని లోపలికి తీసుకెళ్లారు. మత్తులోనే ఒళ్లు మామూలు వేడికి తెచ్చి, అలాగే ఆపరేషను చేస్తారు. అప్పలకొండ బయట బెంచీ మీద కూర్చున్నాడు. గౌరమ్మ పిల్లను తీసుకుని మధ్యాహ్నానికి వస్తానందట.

లోపల మొదలుపెట్టారో లేదో, నలుగురు మనుషులు ఒక పెద్దాయనను ఊడదీసిన తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. సింహాద్రి మాస్టారు. బళ్లో డ్రిల్లు చెప్పి రిటైరైనాయన. ఈ ఊళ్లో సగం మంది ఆయన ఈలకు పరుగెత్తినవాళ్లే. కడుపు మీద చెయ్యి పెట్టగానే నాకు తెలిసింది. లోపల పెద్ద రక్తనాళం ఉబ్బి చిరుగుతోంది. నెమ్మదిలో పెట్టడానికి లేదు. వెంటనే కొయ్యాలి.

ఆపరేషను గదిలోకి వెళ్లి చెప్పాను. కస్తూరి తల ఎత్తలేదు. నూకరత్నం కడుపు తెరిచి ఉంది. ఇలా వదిలి రాలేను, తొందరగా కానిస్తాను అంది. ఆమె చేతులు వేగంగా కదులుతున్నాయి. నేను బయటికొచ్చాను.

మాస్టారికి నొప్పి మందు, రక్తం ఎక్కించాను. ఆయన గట్టిగా అరుస్తున్నాడు, పెద్ద మైదానంలో వినిపించే గొంతు. కూతురు వరహాలు తల నిమురుతోంది. అప్పలకొండ లేచి వచ్చి తన మంచి చెయ్యి అందించాడు. మాస్టారు దాన్ని పట్టుకుని వదల్లేదు. కొంతసేపటికి అరుపు తగ్గింది. తర్వాత పట్టు కూడా సడలింది. నేను ఆయన ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కుతూ ఉండగానే కస్తూరి చేతి తొడుగులు మార్చుకుని పరుగెత్తుకొచ్చింది. చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది. నొక్కడం ఆపాను.

ఎదురుచూస్తూ పోయిన మనిషి. చాలా ఏళ్ల తర్వాత మొదటివాడు.

వరహాలు నన్ను అడిగింది, లోపలున్నది ఎవరని. పేరు చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగా అప్పలకొండ చెప్పేశాడు.

"మా యావిడండి."

వరహాలు అతని చేతిని చూసింది. మాస్టారి గోళ్లు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయినేడు మృగశిర నుంచండి. మా పిల్ల పాలు తాగేటప్పుడు."

"ఏటనాలో నాకు తెలీడం నేదు. ఏటీ అనను," అని తండ్రి పక్కన నేలమీద కూర్చుంది. అప్పలకొండ కూడా పోలేదు. లోపలి నుంచి ఆపరేషను బాగా జరిగిందని పిలుపొచ్చినా, మాస్టారిని మళ్లీ అదే తలుపు మీదికి ఎత్తడానికి ఒక మూల పట్టి, పడవ దాకా మోసి, అప్పుడొచ్చాడు.

వెంటనే కోసి ఉంటే దక్కేవాడా అని కస్తూరిని అడిగాను. సగానికి సగం అంది. ఆ సగం మా ఇద్దరి మధ్య అలాగే ఉండిపోయింది.

ఉత్తర కార్తె, అదే రోజు మధ్యాహ్నం

నూకరత్నానికి తెలివొచ్చేసరికి నేను, సువార్త పక్కనే ఉన్నాం. కళ్లు తెరిచి కప్పు చూసింది. తర్వాత రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకుంది.

"పాపేది? ఇటుపక్క ఇంకా ఇయ్యనేదు. ఆకలికి ఏడుత్తుంటాది."

ఆస్పత్రి గౌను మీద తడి పాకుతోంది. ఏడాది దాటిన తర్వాత, ఒళ్లు వెచ్చబడగానే, ఆగిన పాలు ఆగినచోటి నుంచి దిగాయి. నేను ఇన్నాళ్లూ ఆమె అపెండిక్సు గురించే ఆలోచించాను. ఇది నాకు తోచలేదు.

అప్పలకొండ, గౌరమ్మ లోపలికొచ్చారు. పైడి గౌరమ్మ కుచ్చిళ్లు పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. పరికిణీ వేశారు, కాళ్లకు పట్టీలు పెట్టారు. నూకరత్నం ముందు ఆ పిల్లను దాటి, గౌరమ్మ చంకలో చంటిబిడ్డ కోసం చూసింది. తర్వాత భర్త నెరిసిన గడ్డం చూసింది. లేని వేళ్లు చూసింది. మళ్లీ పిల్లను చూసింది. ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

పైడి బెదిరిపోయి గౌరమ్మ వెనక దాక్కుంది. "అమ్మా, ఇంటికెల్దాం," అంది.

గౌరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నూకరత్నం ఏడవలేదు. ఆ పిల్ల నోటినే చూస్తోంది.

"దీనికి పళ్లొచ్చీసినాయేటి?" అని అడిగింది.

వచ్చాయని అప్పలకొండ చెప్పాడు. అన్నం తింటోందని, చేపముల్లు తనే తీసుకుంటోందని చెప్పాడు. ఆమె అలాగా అని గోడవైపు తిరిగింది. సువార్త ఒక స్టీలు గిన్నె, తడిగుడ్డ తెచ్చి మమ్మల్ని అందర్నీ బయటికి పంపింది.

హస్త కార్తె

భానోజీరావు పొద్దుటి వరస రద్దు చేస్తాడనే అందరం అనుకున్నాం. మాస్టారి దినం నాడు వరహాలు ఇంటికి వెళ్లాడు. నన్ను కూడా రమ్మన్నాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి, వద్దంటే ఇవాళే ఆపేస్తాను అన్నాడామెతో.

వరహాలు ఆలోచించి చెప్పింది. తండ్రి అరుస్తుంటే రేవు దాకా వినబడిందట. అది విని జనం పరుగెత్తుకొచ్చారట.

"మా నాన్న అరిసినాడు, అందరూ విన్నారు. ఆ హాల్లోవోళ్లు అరవలేరు కదండీ. ఆపొద్దు. కానీ మీకు ఇంకో డాక్టరుంటే మా నాన్నా ఉండేవోడు. ఆ మాట అడగాల్సినోళ్లని నానే అడుగుతాను. నన్ను తీసుకెల్లండి," అంది.

ఇద్దరూ లాంచీలో రాజధాని వెళ్లారు. ఆరోగ్యశాఖ వసారాలో పొద్దు గుంకేదాకా కూర్చోబెట్టారట. మర్నాడు మళ్లీ కూర్చోబెట్టారట. ఆమె కదల్లేదట. మూడోనాడు లోపలికి పిలిచాక, ఆమె తండ్రి ఎలా పోయాడో మొదటి నుంచి చివరిదాకా చెప్పిందట. భానోజీరావు పక్కన నిలబడి, చచ్చిపోయింది నా ఆస్పత్రిలోనే అన్నాడట.

బదిలీ అయిన సర్జన్ను వెనక్కి పంపుతున్నారు. దక్షిణాది ఆస్పత్రివాళ్లకు వేరే మనిషిని ఇస్తామన్నారు. ఇస్తారో లేదో. అక్కడి వసారా నా కళ్లముందు మెదులుతూనే ఉంది.

తిరిగొచ్చిన రోజే భానోజీరావు గుమ్మం మీది బోర్డు లెక్క మార్పించాడు. హాల్లో గడిచిన కాలం కూడా కాలమే. ఇప్పుడు ఆ అంకె చూసి వచ్చినవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు, మమ్మల్ని తిడుతున్నారు. తిట్టనివ్వండి, ఇన్నాళ్లూ తిట్టే అవకాశం కూడా ఇవ్వలేదు అన్నాడాయన.

బంగారమ్మ వారం వారం వస్తూనే ఉంది. కొడుకు గాజుమూతను సువార్తను తుడవనివ్వదు, తనే తుడుచుకుంటుంది.

స్వాతి కార్తె

నూకరత్నం గాయం చూపించుకోవడానికి వచ్చింది. తను ఒక్కతే, వెంట పైడి. గౌరమ్మ రాలేదు.

పొద్దున్నే రెండు పడవలు రావడంతో ఆమెను ఆగమనాల్సి వచ్చింది. నేను ఆ మాట చెప్పేలోపే ఆమే అర్థం చేసుకుని, పర్లేదమ్మా, మెలకువగానే ఉన్నాను కదా అని బెంచీ చివర కూర్చుంది.

పైడి ఆమెకు ఎడంగా కూర్చుంది. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఇంకా అమ్మ అనడం లేదట, ఏమీ అనకుండానే అడిగేది అడుగుతుందట. కాసేపు పట్టీలు మోగించుకుంది. కాసేపు బెంచీ కింద దూరింది. కట్లు కట్టించుకున్నవాళ్లను వేలితో చూపించి అడుగుతుంటే నూకరత్నం ఓపికగా చెబుతోంది, ఈయన పడవలోంచి పడ్డాడు, ఆ మామ్మకు జ్వరం. ఇంకా పిలవరేమని రెండుసార్లు అడిగింది. కూకో, పిలుత్తారు, అంది నూకరత్నం. పిల్ల మొరాయించింది, ఏడుపు మొహం పెట్టింది, ఇంటికెల్దామంది. నూకరత్నం దగ్గరికి లాక్కోలేదు. తనవైపు బెంచీ మీద చెయ్యి మాత్రం చాపి ఉంచింది.

నేను పడవలవాళ్ల పని ముగించుకుని తిరిగొచ్చేసరికి మధ్యలో ఖాళీ లేదు. విసిగి విసిగి పిల్లకు నిద్ర ముంచుకొచ్చింది. తల తూలి తూలి, చివరికి నూకరత్నం తొడ మీదికి ఒరిగిపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నూకరత్నం ఊపిరి తీస్తే లేస్తుందేమో అన్నట్టు కదలకుండా కూర్చుని ఉంది. చెయ్యి పిల్ల వీపు మీద ఇంకా ఆనించలేదు, కొంచెం పైన ఆగి ఉంది. నేను చూస్తుండగానే మెల్లగా ఆనించింది.

లోపల గది ఖాళీ అయింది. సువార్త తలుపు దగ్గరికొచ్చి, నూకరత్నాన్ని పిలవనా అని సైగ చేసింది.

కాసేపాగమన్నాను.